నువ్వులు చల్లిన అన్నం

ఓవెన్ వీధి అరుగు మీదికొచ్చేసింది.

మోసుకొచ్చింది సాయిప్రసాద్. మొయ్యమన్నది అతని మేనత్త తిరుపతమ్మ. మొయ్యొద్దన్నది అతని పెళ్లాం యామిని. ఆ ఇద్దరిలో ఇంటికి మోతుబరి ఎవరో తేల్చుకోలేక, మోత మట్టుకు తన వంతని మోసేశాడు.

పాలు పొయ్యడానికొచ్చిన రత్తయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"కొత్త టీవీ అండీ? అద్దం చిన్నదైందే."

"టీవీ కాదు నాయనా, చితి," అంది తిరుపతమ్మ గడపలోంచి. "మా తమ్ముణ్ణి బతికుండగానే సాగనంపడానికి మా కోడలు బెజవాడ నుంచి తెప్పించింది."

రత్తయ్య నురగ అణగకుండానే పాలు కొలిచేసి వెళ్లిపోయాడు. అతని సైకిలు జగ్గయ్యపేట మెయిన్ రోడ్డెక్కేసరికి ఆ మాట కూడా ఎక్కేసింది.

లోపల పుష్పవతి మూసిన గది తలుపు ముందు కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"ఏమండీ. కాఫీ అన్నా తాగండి."

తలుపు పలకలేదు. తలుపు వెనక ఉన్న దశరథరామయ్యా పలకలేదు. పేరులో దశ ఉంది, రథమూ ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి దశ బాగాలేదు, రథం మంచం దిగలేదు. మొన్ననే షష్టిపూర్తి చేసుకున్న మనిషి. ఇంటి ముందు పందిరి గుంజలు ఇంకా పీకనేలేదు. నిండా నూరేళ్లని ఊరంతా అక్షింతలు చల్లిన ఆ మనిషి ఆకులో, కోడలు గుండ్రటి అన్నం ముద్ద పెట్టింది. ముద్ద నెత్తిన నల్ల నువ్వులు చల్లింది.

ఆయన చెయ్యి ఆకు దాకా వచ్చి వెనక్కి పోయింది. లేచి గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు. అంతే.

చల్లారిన కాఫీ పట్టుకొని పుష్పవతి వంటింట్లోకి వచ్చింది. పేరులో పుష్పం ఉన్నా, ఆవిడ మాటల్లో ఈ పూట తుమ్మముళ్లే ఉన్నాయి.

"చూశావా? మంచినీళ్లు కూడా ముట్టడం లేదు. సంతోషమేనా నీకు?"

"నాకెందుకు సంతోషం అత్తయ్యా?" అంది యామిని. "నేనేమన్నా విషం పెట్టానా?"

"విషం పెట్టినా బాగుండేది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. నువ్వు పెట్టింది పిండం. దానికి డాక్టరు ఎవడు?"

"నువ్వులు తినని ఇల్లా ఇది? మొన్నటి భోజనాల్లో నువ్వుండలు వెయ్యలేదా? నువ్వుల పొడి కలుపుకోకుండా మామయ్యగారు ఏ పూటన్నా మొదటి ముద్ద తిన్నారా?"

"పొడి పొడే, గింజ గింజే," అంది తిరుపతమ్మ, వెనకే వచ్చి పీట వాల్చుకుంటూ.

"గింజ దంచితేనే గదండీ పెద్దమ్మగారూ పొడి."

"దంచితే దోషం పోద్ది."

"అయితే నన్ను కూడా దంచండి. నా దోషమూ పోద్ది."

తిరుపతమ్మ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఆవిడ నోరు ఎక్కువసేపు మూతపడితే గడియారం ఆగినట్టు ఇల్లంతా కంగారు పడుతుంది.

"తెల్లన్నం. అదిమి అదిమి గుండ్రంగా చేసావు. పైన నల్ల నువ్వులు జల్లావు. అదీ, దింపిన అన్నాన్ని మళ్లీ ఆ పెట్టెలో కాల్చి. కాకిని పిలవడం ఒక్కటే తక్కువ."

"పళ్లెంలోంచి గరిటెతో తీస్తే పొరలు చెదిరిపోతన్నయ్యి. మామయ్యగారి ఆకులో అందంగా ఉండాలని గిన్నెలో నొక్కి బోర్లించా. గిన్నె గుండ్రంగా ఉంటే అన్నం చదరంగా వస్తదా?"

"ఆ మాత్రం తెలీదా? ఏ ఇంటి పిల్లవు?"

"మీలాంటి ఇంటి పిల్లనే." యామిని గొంతు లేచింది. "తద్దినం రోజున ఆడపిల్లలు ఆ గది గుమ్మం వైపు కూడా రాకూడదని మా నాయనమ్మ నన్ను పక్కింటికి తరిమేది. ఈ ఇంటికొచ్చాక మీరూ అంతే చేసారు. తాతగారి తద్దినానికి నన్ను డాబా మీద కూర్చోబెట్టారు. పిండం ఎట్లా ఉంటదో కంటితో చూడనివ్వకుండా పెంచి, చూడనిదానిలాగే చేసానని తిడితే ఎట్లాగండీ?"

పొయ్యి మీద కుక్కరు ఒక్కటే ఏదో అనబోయి ఆవిరి దిగమింగింది.

పుష్పవతి గ్లాసు తూములో ఒంపేసింది.

"మీ నాన్నగారికి ఫోన్ చేసా. నందిగామ నుంచి బయల్దేరారు. శాంతి చేయించేదాకా నువ్వక్కడే ఉండు."

"శాంతి అయ్యాక?"

"అయ్యాక చూద్దాం."

ఆ 'చూద్దాం' ఎంత దూరం చూస్తుందో యామినికి తెలుసు. మామగారికి పిండం పెట్టిన కోడలన్న మాట నెత్తిన పెట్టుకొని ఈ గడప దిగితే, మళ్లీ ఎక్కడం ఉండదు. నందిగామలో గాంధీ బొమ్మ దాకా నడిచినా ఆ మాట వెనకే నడుస్తుంది.

కొంగు బిగించుకొని వీధి అరుగు మీదికి నడిచింది. ఓవెన్ని రెండు చేతుల్తో ఎత్తి, పొట్టకి ఆనించుకొని, గుమ్మంలో నిలబడ్డ మొగుడి పక్కనించి లోపలికి తీసుకొచ్చింది. అతను చెయ్యి వెయ్యబోయాడు.

"మీరు బయటికి మొయ్యడానికి పనికొస్తారు. లోపలికి నేను మోసుకుంటాలే."

"ఏం చెయ్యబోతున్నావు?"

"మా నాన్న వస్తన్నారు. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టొద్దా?"

"ఆ అన్నమేనా?"

"ఆ అన్నమే."

ఈ అన్నానికి మూలమైన వంటని జపాను వాళ్లు సుషి అంటారు. తిరుపతమ్మకి తెలిసింది శుచి. రెంటికీ పలకడంలో రవ్వంతే తేడా. మధ్యలో సముద్రమంత మడి. పచ్చి చేప ముక్కలు పెట్టి, సముద్రపు నాచులో చుట్టలు చుట్టే ఆ వంటని టీవీలో ఒకావిడ చుట్టకుండా, పళ్లెంలో పరిచి కాల్చి చూపించింది. యామిని అందులోంచి చేపని తీసేసింది. నాచుకి బదులు అప్పడం పెట్టింది. ఇంత మడి కట్టించాక కూడా ఆ వంట మైలపడింది.

ఇప్పుడు దాన్ని కోపంతో చేస్తోంది. చెయ్యి మాత్రం ఎక్కడా తడబడలేదు.

కొత్త బియ్యం అన్నం. కొత్త బియ్యం ముద్దవుతుందని ఈ ఇంట్లో ముట్టుకోరు. దీనికి ముద్దవడమే కావాలి. వేడన్నం మీద వెనిగరు, పంచదార, ఉప్పు కరగబెట్టి పోసింది. చెక్క గరిటెతో, మెతుకు చిదక్కుండా అటూ ఇటూ తిప్పింది. నెయ్యి రాసిన పళ్లెంలో పరిచి, తడిచేత్తో అదిమింది. అదిమిన ప్రతిసారీ గాజులు ఖంగుమన్నాయి.

నిన్నటి వంటకని గుడ్డలో కట్టి వేలాడేసిన పెరుగులో మిగిలిన సగం గట్టిపడి ఉంది. అందులో మీగడ, కారం, తురిమిన క్యారెట్, నీళ్లు పిండేసిన కీరా, పనీరు కలిపి అన్నం మీద రెండో పొరగా పూసింది. డబ్బా మూత తీసింది. నల్ల నువ్వులు. పిడికెడు తీసి పళ్లెమంతా చల్లింది.

"యామినీ." సాయిప్రసాద్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు ఇది అవసరమా?"

"నిన్న దీన్ని చెయ్యమన్నది ఎవరు?"

అతను వెనక్కి తిరిగి హాల్లోకి చూశాడు.

"నాన్నగారికి కూడా పెడదాం, కొత్తగా ఉంటదని అన్నది ఎవరు?"

"మెల్లగా."

"మొదటిసారి చేసినప్పుడు సగం పళ్లెం ఖాళీ చేసింది ఎవరు? అప్పుడు నువ్వులు కనపడలేదా మీకు?"

"నేను... క్యారెట్ ఉన్న వైపు నుంచి తిన్నా."

"తాతగారి తద్దినం రోజున మామయ్యగారి పక్కనే కూర్చున్నారు మీరు. నేను చూళ్లేదు, మీరు చూసారు. మీకు తెలుసు."

"ఆలోచించలేదే."

"నేనూ ఆలోచించలేదు. మీరు ఆలోచించకపోతే మరుపు. నేను ఆలోచించకపోతే హత్య. భలే ఉంది."

"అమ్మకి చెప్తాలే. టైము చూసి."

"టైము చూసే మొగుడు గోడకి కూడా ఉన్నాడు. వాడన్నా గంటకోసారి మోగుతాడు."

పళ్లెం లోపలికి తోసి ఓవెన్ తలుపు వేసింది. అద్దం వెనక ఎర్రటి వెలుగు లేచింది. ఆ వెలుగులో సాయిప్రసాద్ మొహం మీద ఏ రంగూ కనపడలేదు.

పైపొర గోధుమరంగుకి తిరిగేవేళకి వాకిట్లో వ్యాన్ ఆగింది. నందిగామలో గోపయ్యకి స్టీలు సామాన్ల కొట్టు. కంగారులో దించాల్సిన సరుకు దింపకుండానే వచ్చినట్టున్నాడు, వ్యాన్ ఆగాక కూడా లోపల గిన్నెలు కాసేపు గొణిగాయి. ఆయన చెప్పులు విప్పక ముందే రెండు చేతులూ జోడించాడు.

"చెల్లెమ్మా, తప్పైపోయింది. తల్లి లేని పిల్ల, తెలీక చేసింది. అక్కగారూ, మీరు పెద్దవారు. నా మొహం చూసి..."

"నాన్నా, చేతులు దించండి," అంది యామిని.

"నువ్వుండమ్మా."

"దించండి. మీరట్లా పట్టుకుంటే నేను నిజంగానే ఏదో చేసానని నాకే అనిపిస్తంది."

గోపయ్య చేతులు సగం దాకా దిగి అక్కడే ఆగిపోయాయి. ఇటు కూతురు, అటు వియ్యపురాలు; నమస్కారం ఎటు పూర్తి చెయ్యాలో తెలీలేదు ఆయనకి.

"చూసారా అన్నయ్యగారూ," అంది పుష్పవతి. "కట్టుకున్నవాడి మాట లేదు, కన్నవాడి మాట లేదు. ఆయన లోపల ఉపవాసం ఉంటే, వంటింట్లో మళ్లీ అదే వండతంది. వాసన రావడం లేదూ?"

వస్తోంది. వెన్నలాంటి, పుల్లటి, కమ్మటి వాసన. పొద్దున్నుంచి ఏమీ తినని గోపయ్య కడుపు పెద్దగా ఒక మాటంది. అది ఎవరి పక్షమో స్పష్టంగా తెలిసిపోయింది.

"సంచి సర్దుకో," అంది తిరుపతమ్మ.

"సర్దుకుంటా. ముందు మామయ్యగారి నోటితో ఒక్క మాట వినాలి."

యామిని మూసిన తలుపు ముందుకెళ్లి నిలబడింది. తలుపు తట్టలేదు.

"మామయ్యగారూ, నన్ను ఇంట్లో అందరూ మీ తరఫున తిడుతున్నారు. మీరు ఒక్కసారి తిట్టండి. కావాలని చేసావని మీరంటే, ఈ నిమిషమే మా నాన్నతో పోతా."

లోపల కుర్చీ కిర్రుమంది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

"అమ్మాయి ఒక్కతే రావాలి," అన్నాడు దశరథరామయ్య.

యామిని లోపలికెళ్లాక తలుపు మళ్లీ మూసుకుంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. షష్టిపూర్తికి పెట్టిన జరీ పంచె ఒక్కరోజులో రెండు సైజులు పెద్దదైనట్టు ఉంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏమిటండీ?"

"దాచకు. నువ్వులు పెట్టి నాకు తెలియజెప్పావు గదా, నీకు తెలిసిందని. ఎవరు చెప్పారు? సాయిగాడికి కూడా తెలీదే. బెజవాడలో ఆ ఆస్పత్రిలో మీ వాళ్లెవరన్నా ఉన్నారా?"

"ఏ ఆస్పత్రి మామయ్యగారూ?"

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. మిరపకాయ చేత్తో పట్టుకుంటే చాలు, ఎంత తేమ ఉందో చెప్పే వ్యాపారి. ఆ మొహంలో దాచిందేమీ లేదని ఆయనకి తెలిసింది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

"కూర్చో," అన్నాడు.

"నిలబడతా. చెప్పండి."

"కొన్నాళ్లుగా అన్నం దిగడం లేదు. గొంతు కింద ఎక్కడో ఆగిపోతంది. మజ్జిగతో నెట్టుకొస్తన్నా. బెజవాడలో గొట్టం వేసి చూసారు. గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. షష్టిపూర్తి అయ్యేదాకా ఎవరికీ తెలియనివ్వకూడదని ఊరుకున్నా. అది కాస్తా అయింది. మర్నాడే ఆకులో..."

ఆయన మాట కూడా ఎక్కడో ఆగిపోయింది.

"అందుకా లేచిపోయారు?"

"భయమేసింది తల్లీ. కోపం కాదు."

నిన్నటి నుంచి ఒంట్లో కుతకుతలాడుతున్నదంతా యామినికి ఒక్కసారి ఏ వైపు పోవాలో తెలీలేదు. జాలి వచ్చింది. జాలి వెనకే, దాన్ని తోసుకుంటూ, మరింత కోపం వచ్చింది.

"బయటికొచ్చి ఆ మాట వాళ్లకి చెప్పండి."

"వద్దు. రిజల్టు రానీ. మీ అత్తయ్య తట్టుకోలేదు. మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు, గరికపాడు చెక్‌పోస్టు దాకా చాటేస్తది."

"మరి నేను?"

"నువ్వు మీ నాన్నతో వెళ్లు. కొన్నాళ్లే. ఇక్కడుంటే నీ మొహంలో తెలిసిపోద్ది, నువ్వు ఏదీ దాచుకోలేవు."

"ఈ నిందతోనా?"

"రిజల్టు మంచిదొస్తే నేనే నందిగామ వచ్చి తీసుకొస్తా. మాట ఇస్తన్నా."

"చెడ్డదొస్తే?"

దశరథరామయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. పందిరి గుంజకి ఎండిన మామిడాకులు వేలాడుతున్నాయి.

"చెడ్డదొస్తే ఏమంటారో తెలుసా మామయ్యగారూ? నేను పిండం పెట్టాను గనకే మీకు వచ్చిందంటారు. గడ్డ ముందా, నువ్వులు ముందా అని ఎవడూ అడగడు. మీరు ఉన్నన్నాళ్లూ అంటారు. మీరు పోయాక ఇంకా గట్టిగా అంటారు. అప్పుడు కాదని చెప్పడానికి మీరు ఉండరు."

"ఎంత మాటన్నావే."

"నిజం మాట. మీకు భయం ఒక్కటే. నాకు బతుకంతా."

ఆయన లేచాడు. ఏదో చెప్పడానికి లేచినట్టే లేచి, ఏమీ చెప్పకుండా తలుపు తీశాడు. హాల్లో నలుగురూ తల ఎత్తారు. పుష్పవతి ఒక్క అంగలో దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"లేచారా. మజ్జిగ కలపనా?"

ఆయన ఆవిడ వైపు చూడలేదు. కోడలి వైపు చూడలేదు. వీధి గుమ్మం వైపు చూస్తూ అన్నాడు.

"బావగారూ, అమ్మాయిని కొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోండి."

గోపయ్య చేతులు మళ్లీ వాటంతటవే కలిసిపోయాయి. తిరుపతమ్మ 'అదీ' అన్నట్టు తల ఊపింది. పుష్పవతి కొంగుతో కళ్లొత్తుకుంది. సాయిప్రసాద్ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పడగ్గదిలోకెళ్లి పెళ్లాం సంచిలో చేతికందిన చీరలు కుక్కి పట్టుకొచ్చాడు. దాన్ని మామగారి వ్యాన్ వైపు మోసుకుపోతున్నాడు.

"అక్కడ పెట్టండి," అంది యామిని.

అతను ఆగాడు.

"కింద పెట్టండి దాన్ని."

పెట్టాడు. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన మొదలైంది. ఎవరూ కదల్లేదు.

యామిని గది గుమ్మంలోంచి హాలు మధ్యకి వచ్చింది. గొంతు పెంచలేదు. నిన్నటి నుంచి అరిచిన అరుపులన్నిటికన్నా ఆ మెల్లటి గొంతు గట్టిగా వినిపించింది.

"నేను ఎక్కడికీ వెళ్లను. మామయ్యగారూ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏమిటి చెప్పేది?" అంది పుష్పవతి.

ఆవిడ మొగుడి చెయ్యి ఇంకా వదల్లేదు. ఆయన వెనక్కి తీసుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ. ఏమిటి చెప్పేది?"

దశరథరామయ్య కోడలి వైపు చూశాడు. వద్దని ఆ చూపు బతిమాలుతోంది.

యామిని కళ్లు దించలేదు.